ట్రయల్ మావయ్యా, బొత్తాం ముప్పై అడుగులూ

మా మావయ్య ట్రయల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యడు. దర్జీ కాబట్టి బట్టలకు ట్రయల్ వేస్తే ఎవరూ వింతగా చూడరు. కానీ ఆయన పన్ను పీకించుకోవడానికి కూడా ట్రయల్ వేశాడు.

ఆ రోజు పళ్ళ డాక్టరు దగ్గర గంటసేపు వరసలో కూర్చుని, తన వంతు రాగానే కుర్చీలో వాలి నోరు బార్లా తెరిచాడట. డాక్టరు లైటు వేసి, "ఏ పన్నండీ?" అని అడిగాడు.

"కింద ఎడమ పక్క చివరిదండీ. కానీ ఇవాళ పీకొద్దు. ఇవాళ ట్రయల్."

"దేనికండీ ట్రయల్?"

"నేను ఎంతసేపు నోరు తెరిచి ఉంచగలనో, మీ చెయ్యి ఎంతవరకు పడుతుందో చూసుకుందామని. గురువారం ఫైనల్‌కి వస్తాను."

గురువారం పన్ను ఊడింది. ఆ తర్వాత ఆ డాక్టరు మావయ్య ఎప్పుడొచ్చినా, "ఇవాళ ట్రయలా, ఫైనలా?" అని అడిగి తెలుసుకున్నాకే చేతికి తొడుగులు వేసుకునేవాడు.

రైలు సంగతి ఇంకా ఘోరం. ప్రయాణానికి ముందురోజు, అదే టైముకి, అదే పెట్టె పట్టుకుని స్టేషనుకు వెళ్ళడం ఆయనకు అలవాటు. ఎన్ని నిమిషాలు పడుతుందో, ఏ మెట్లు ఎక్కాలో, పెట్టె సీటు కింద దూరుతుందో లేదో అన్నీ చూసుకోవాలి. ఒకసారి పెట్టెను సీటు కిందికి తోస్తుండగా రైలు కదిలిపోయింది. మూడు స్టేషన్ల అవతల దిగి, పడుతూ లేస్తూ ఇల్లు చేరాడు. ఆ అలసటకు మర్నాడు మెలకువ రాలేదు. అసలు రైలు కాస్తా వెళ్ళిపోయింది.

"ట్రయల్ రైలు ఎక్కారు, అసలు రైలు తప్పారు. మీ తెలివికి హారతి పట్టాలి!" అంది అత్తయ్య.

"పెట్టె మాత్రం భేషుగ్గా పట్టిందే!" అన్నాడు మావయ్య.

ఈ జబ్బు ఆయనకు పుట్టుకతో రాలేదు. కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో ఒక బళ్ళో మాస్టారికి ట్రయల్ లేకుండా ప్యాంటు కుట్టి ఇచ్చాడట. మాస్టారి పదవీ విరమణ సభలో, పూలగుత్తి అందుకోవడానికి ఆయన వంగగానే వెనక కుట్టు పర్రున చిరిగింది. బడంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వేశాడు గానీ, ఇంటికి వెళ్ళేటప్పుడు సన్మానపత్రాన్ని ముందు పట్టుకోకుండా వెనక్కి పట్టుకుని నడిచాడు. షాపు గుమ్మంలో నిలబడి మావయ్య అది చూశాడు.

"తప్పు జరిగితే నా ముందు జరగాలే, నలుగురి ముందు కాదు. ట్రయల్ అంటే అదే," అంటాడు. ఈ మాట మాకు కొన్ని వందలసార్లు చెప్పాడు. మొదటి రెండుసార్లు ట్రయల్ అయివుంటుంది.

ఇక నా సంగతి. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. ఊళ్ళోవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఎవరికి ఏ అద్దాలు కావాలో తేల్చడం నా ఉద్యోగం. ఉద్యోగం దొరికినప్పటినుంచీ మావయ్య షాపు పైన ఉన్న గదిలోనే నా కాపురం. నాకు తోడు బొత్తాం.

బొత్తాం అంటే కుక్క. పన్నెండేళ్ళ కిందట పిల్లగా ఉన్నప్పుడు వాన తప్పించుకోవడానికి మావయ్య షాపులో దూరి, గుడ్డముక్కల బుట్టలో పడుకుని, పడుకున్నవాడు ఊరుకోకుండా ఒక కోటు బొత్తాం మింగాడు. అది బయటికి వచ్చేదాకా రెండు రోజులు, అప్పుడు సెలవులకు వచ్చిన నేను కాపలా కాశాను. ఆ బొత్తాం వచ్చింది, ఈ బొత్తాం ఉండిపోయాడు. పగలంతా షాపులో ఆ ముక్కల బుట్టే వాడి పడక, సాయంత్రమైతే నా గది. గుణానికి బంగారం. ఒక్కటే మొండితనం, మెడకు తాడు కడితే చాలు ధర్నాకు కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఇక లాగితే లేవడు, బతిమాలితే లేవడు. అందుకే ఎక్కడికి వెళ్ళాలన్నా మావయ్య స్కూటరు ముందు నిలబడి వెళతాడు.

నాకు పెళ్ళికొడుకు కూడా మావయ్య షాపులోనే దొరికాడు. అతను లిఫ్టు మెకానిక్. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. మావయ్య ఆ ఒక్క ప్యాంటుకి ఏడు ట్రయల్స్ వేశాడు. ఏడూ సాయంత్రం ఆరు తర్వాతే, సరిగ్గా నేను కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చే టైముకే. ఒకరోజు నడుము వదులన్నాడు, ఒకరోజు బిగుతన్నాడు. నాలుగో ట్రయల్‌కి బొత్తాం వెళ్ళి అతని కాళ్ళమీద పడుకున్నాడు. వాడు లేచేదాకా అతను గంటన్నర కదలకుండా నిలబడ్డాడు. అక్కడ నా మనసు పడింది.

"ఏడోసారికి ప్యాంటు సరిపోయిందండీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది," అని తర్వాత ఒప్పుకున్నాడు.

పెళ్ళి ఆర్భాటంగా వద్దనుకున్నాం. ఊరి తోటలో, పెద్ద చెట్టు కింద, పదకొండుమంది చుట్టాల ముందు, పొద్దున పదింటికి. రిజిస్ట్రారు వచ్చి సంతకాలు పెట్టిస్తాడు. నా పట్టుదల మాత్రం ఒక్కటే. ఉంగరాలు బొత్తాం తేవాలి. గేటు దగ్గర్నుంచి వాడంతట వాడు నడుచుకుంటూ నా దగ్గరికి రావాలి. వాడి సాక్షిగా మొదలైన కథ వాడు లేకుండా ముగియడానికి నేను ఒప్పుకోను.

ఒప్పుకోవాల్సింది తోట మేనేజరమ్మ. ఆవిడ ప్రతి మొక్కనూ సొంత బిడ్డలా చూసుకుంటుంది.

"కుక్కా? తాడు లేకుండానా?" అంది.

"తాడు కడితే కూర్చుంటాడండీ."

"ఇంకేం, కూర్చోనివ్వండి. మొక్కలకు మంచిది."

నేను పొద్దునా సాయంత్రం ఆవిడ చుట్టూ తిరిగాను. నాలుగో రోజు విసుగెత్తి, "సరే. గేటు నుంచి చెట్టు దాకా ముప్పై అడుగుల బాట. ఒక్క మొక్క విరిగినా, ఒక్క పువ్వు నలిగినా కుక్క గేటు బయటికి పోవాల్సిందే. పెళ్ళి సగంలో ఉన్నా సరే," అంది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మావయ్య కుట్టుమిషను ఆపేశాడు. ఒకసారి బొత్తాం వైపు, ఒకసారి నా వైపు చూసి, "ముప్పై అడుగులా? నాకు మూడు వారాలు కావాలి," అన్నాడు.

"ముప్పై అడుగులకా!"

"కాలికి అడుగు చొప్పున వేసుకున్నా నూట ఇరవై. ట్రయల్ వెయ్యొద్దూ?"

ఇక చూడాలి ఆ మూడు వారాలు. పొద్దున్నే చేతిసంచీ ఒకటి తగిలించుకుని, బొత్తాంని స్కూటరు ఎక్కించుకుని తోటకు. మళ్ళీ సాయంత్రం తోటకు. మధ్యలో బొత్తాం పెళ్ళికోటుకు ట్రయళ్ళు. వీపుమీద ఉంగరాల సంచీ ఉన్న నీలం కోటు అది. "వీడి నడుము అరంగుళం తగ్గింది" అని ఒకరోజు విప్పుతాడు, "మళ్ళీ పెరిగింది, నువ్వు బిస్కెట్లు పెట్టావా?" అని ఇంకోరోజు అత్తయ్యమీద విసుక్కుంటాడు. బొత్తాం కోటు పక్కనే తన కోటు. మేనకోడలి పెళ్ళి కాబట్టి జీవితంలో మొదటిసారి తనకోసం తాను కుట్టుకుంటున్న కోటు. దానికి తొమ్మిది ట్రయల్స్ పట్టాయి. అద్దం ముందు నిలబడి, మెడ తిప్పి, వెనకభాగం ముడత పడిందో లేదోనని అత్తయ్యను చంపుకు తిన్నాడు.

నేను వస్తానంటే మాత్రం రానిచ్చేవాడు కాదు. "ట్రయల్ గదిలోకి ఎవర్నైనా రానిస్తామా? పెళ్ళిరోజు చూద్దువుగాని," అనేవాడు.

ఈలోపు కబుర్లు రాసాగాయి. తోట మేనేజరమ్మ ఒకరోజు కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి మా షాపుకొచ్చి, కుర్చీలో కూర్చుంటూనే, "మీ మావయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఏమైందండీ?"

"కళ్ళకు గుడ్డ కట్టుకుని బాటమీద మోకాళ్ళతో పాకుతున్నారు. నిన్న బెంచీకి తల కొట్టుకున్నారు. ఏంటండీ ఇది అంటే ట్రయల్ అన్నారు."

ఆ సాయంత్రం నుదుటిమీద బొప్పితోనే ఇంటికొచ్చాడు. వచ్చేసరికి అత్తయ్య ఊడ్చుకోవడానికి వీలుగా ఇస్త్రీబల్ల కిటికీ వైపు జరిపింది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఎక్కడి బల్ల అక్కడే ఉండాలి! ఈ ఇంట్లో ఒక్క కుర్చీ కూడా కదలడానికి వీల్లేదు!"

అత్తయ్య బల్ల వెనక్కి జరిపి, నా చెవిలో, "నీ పెళ్ళి అయ్యేదాకా ఓపిక పడతాను. తర్వాత ఈయన్ని ఏ డాక్టరుకు చూపించాలో ట్రయల్ వేస్తాను," అంది. నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది.

పెళ్ళిరోజు వచ్చింది. తొమ్మిదిన్నరకు నేనూ అమ్మానాన్నా తోటకు చేరేసరికి, గేటు నుంచి చెట్టు దాకా బాటమీద రెండు వేళ్ళ వెడల్పున పొడుగాటి గుడ్డపట్టీ ఒకటి పరిచి ఉంది. గళ్ళూ, చారలూ, దళసరివీ, పల్చనివీ, షాపులోని పాతముక్కలన్నీ ఒకదానికొకటి కలిపి కుట్టినది.

"ఇదేం అలంకరణండీ?" అంది అత్తయ్య. "పెళ్ళికి పూలు పరుస్తారు గానీ షాపు చెత్త పరుస్తారా?"

మావయ్య చెట్టువైపు చూస్తున్నాడు. చెట్టు కింద పాదం మునిగేంత బురద. తెల్లవారుజామున నీళ్ళ గొట్టం పగిలిందట. మేనేజరమ్మ పరుగున వచ్చింది.

"ఏమీ అనుకోకండమ్మా. అటు ఇటుకల అరుగు ఉంది, శుభ్రంగా ఉంది. కుర్చీలు అక్కడికి మార్పించాను. ఇరవై అడుగులు తిన్నగా వచ్చి, ఎడమకు తిరిగి ఇంకో పదహారు అడుగులు, అంతే."

నాకేం? అరుగైతేనేం, చెట్టైతేనేం? కానీ మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "రిజిస్ట్రారు గారికి ఇంకో గంట ఆగడానికి వీలవుతుందా?" అని అడిగాడు.

"పదకొండింటికి నాకు ఇంకో పెళ్ళి ఉందండీ," అన్నాడు రిజిస్ట్రారు.

మావయ్య గబగబా పట్టీ చుట్టేస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి, "ఆ అలంకరణ వదిలెయ్ మావయ్యా. నేను అరుగుమీద నిలబడి పిలుస్తాను, వాడే పరిగెత్తుకొస్తాడు," అన్నాను.

"పిలవకమ్మా!" అన్నాడు ఉలిక్కిపడి. "నువ్వు పిలిస్తే వస్తాడు. నీ గొంతు ఎటుంటే అటు తిన్నగా వస్తాడు. మధ్యలో ఉన్నవన్నీ పూలమడులే."

"వాడికి మడులు కనబడవా ఏంటి?"

మావయ్య పట్టీ చుట్టడం ఆపాడు. "కనబడవమ్మా," అన్నాడు.

నాలుగు నెలలుగా బొత్తాంకి చూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పూర్తిగా పోయిందట. షాపులో ముక్కల బుట్ట జానెడు పక్కకు జరిపిన రోజు, వాడు వచ్చి ఖాళీ నేలమీద పడుకోవడం చూసి మావయ్య కనిపెట్టాడు. పశువుల డాక్టరుకు చూపిస్తే, నొప్పేమీ లేదు, ముక్కు ఉన్నంతకాలం వాడికి లోటు లేదు అన్నాడట. ఇంట్లో వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి నాకు తెలియలేదు. ఊరందరి చేతా గోడమీది అక్షరాలు చదివించే నేను, నా మంచం పక్కన పడుకునే వాడి కళ్ళు చూడలేదు. దీపం కిందే చీకటంటారు, అది నేనే.

ఆ గుడ్డపట్టీ అలంకరణ కాదు, వాడి బాట. వాడు పన్నెండేళ్ళు పడుకున్న ముక్కలతో కుట్టింది. దాన్ని వాసన చూసుకుంటూ తిన్నగా నడవడమే ఆ మూడు వారాల పాఠం. మావయ్య కళ్ళకు గుడ్డ కట్టుకుని పాకింది, ఎక్కడ రాయి తగులుతుందో వాడికంటే ముందు తనకు తెలియడానికి.

కన్నీళ్ళు తుడుచుకుని, "వద్దులే మావయ్యా. ఎత్తుకొచ్చేద్దాం," అన్నాను. పెళ్ళికొడుకు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"నలుగురి ముందు వాణ్ణి మూటలా మోసుకొస్తారా?" అన్నాడు మావయ్య. "వాడు నడుస్తానన్నాడు. మూడు వారాలు నడిచాడు. నడిచే వస్తాడు. నువ్వెళ్ళి అరుగుమీద నిలబడు."

పట్టీ మళ్ళీ పరిచాడు. ఇరవై అడుగులు తిన్నగా, ఎడమకు మడత, తర్వాత పది అడుగులు. అక్కడికి అయిపోయింది. అరుగు ఇంకా ఆరడుగులు ఉంది. మావయ్య జేబులు తడుముకున్నాడు, సంచీ దులిపాడు. ముక్క లేదు. ఒక్క క్షణం ఆలోచించి, తన కోటు విప్పాడు. తొమ్మిది ట్రయళ్ళ కోటు. బాటమీద బోర్లా పరిచి, జేబులోంచి కత్తెర తీసి, కొలవకుండా, గీత గీయకుండా వెనకభాగంలోకి కసకసా దింపాడు.

"అయ్యో! అదేం పనండీ!" అని అత్తయ్య గుండె బాదుకుంది. "ట్రయలైనా వెయ్యకుండా!"

"టైము లేదే! డైరెక్టు ఫైనల్!" అన్నాడు మావయ్య. నా జన్మలో ఆయన నోట ఆ మాట వింటాననుకోలేదు. కాలరులో ఎప్పుడూ ఉండే సూది తీసి, ఆ చీలికల్ని ఒకదానికొకటి కలిపి, అరుగు దాకా పరిచాడు. మిగిలిన ముందు భాగాన్ని అలాగే తొడుక్కుని గేటు దగ్గరికి పరిగెత్తాడు.

నీలం కోటులో బొత్తాం బయల్దేరాడు. ముక్కు నేలకు ఆనించి, తోక కాస్త పైకెత్తి, ఒక్కో ముక్కా వాసన చూసుకుంటూ. మేనేజరమ్మ మడి పక్కన వంగి వాడి కాళ్ళే చూస్తోంది. రిజిస్ట్రారు ఏదో అనబోయాడు, అత్తయ్య ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. ఇరవై అడుగులు సాఫీగా అయ్యాయి. మలుపు దగ్గర వాడు ఆగాడు.

మూడు వారాల్లో వాడు మలుపు ఎరగడు. తల ఎత్తి గాలి వాసన చూశాడు. ముందుకాలు ఒకటి లేపి పూలమడి మీదికి చాపాడు. నేనెక్కడున్నానా అని వాడు వెతుకుతున్నాడు, నాకు తెలుస్తూనే ఉంది. 'బొత్తాం' అని పిలవబోయాను. పిలిస్తే పూలన్నీ తొక్కుకుంటూ వచ్చేస్తాడు, గేటు బయటికి పోతాడు. పెదవి కొరుక్కున్నాను. పక్కనుంచి పెళ్ళికొడుకు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను పిలవలేదు.

బొత్తాం కాలు వెనక్కి తీసుకున్నాడు. ముక్కు దించాడు. కుడికి వాసన చూసి, ఎడమకు వాసన చూసి, ఎడమకు తిరిగాడు. పది అడుగులు జాగ్రత్తగా వేసి, మావయ్య కోటు ముక్కలు ముక్కుకు తగలగానే తోక ఊపి, చివరి ఆరడుగులూ పరుగులాంటి నడకతో వచ్చి నా కాళ్ళకు ఢీకొన్నాడు. పదకొండుమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. తర్వాత చప్పట్లు.

మేనేజరమ్మ లెక్క తేల్చింది. "కుక్క తొక్కిన మొక్కలు సున్నా. దర్జీగారు పరిగెత్తేటప్పుడు తొక్కినవి రెండు." ఆ రెండింటికీ బదులు నాలుగు నాటుతానని, నాటేముందు గుంత ఒకసారి తవ్వి చూస్తానని మావయ్య అక్కడికక్కడే మాటిచ్చాడు.

ఉంగరాలు మార్చుకున్నాం, సంతకాలు పెట్టాం. సాక్షి సంతకానికి మావయ్యను పిలిస్తే, ముందు అరచేతి మీద ఒకటి, అట్టముక్క మీద రెండు పెట్టి చూసుకుని, అప్పుడు పుస్తకంలో పెట్టాడు. రిజిస్ట్రారు గడియారం చూసుకుని తల పట్టుకున్నాడు. భోజనాల దగ్గర కూడా మావయ్య ఆ కోటు విప్పలేదు. ముందునుంచి చూస్తే పెళ్ళిపెద్ద. వెనకనుంచి చూస్తే తెల్లచొక్కా, రెండు దారప్పోగులు. ఒకప్పుడు ఒక మాస్టారి వెనక కుట్టు చూసి కుంగిపోయిన మనిషి, ఇప్పుడు పదకొండుమంది ముందు వెనక్కి తిరగడానికి కొంచెం కూడా వెనకాడలేదు.

చుట్టాలు సర్దుకుంటుంటే నేను ఆయన పక్కన అరుగుమీద కూర్చున్నాను. బొత్తాం మా ఇద్దరి మధ్యా, కోటు ముక్కలమీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు ట్రయల్ వేశాను. నాలుగుసార్లూ మధ్యలో ఏడుపొచ్చేసింది. ట్రయల్ సరిగ్గా రాకుండా ఫైనల్‌కి ఎలా రాను?"

"పోనీ ఇప్పుడు చెప్పు. నాకు తెలిసిపోయిందిగా, భయం లేదు."

ఆయన కోటు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మన బొత్తాంకి..." అని ఆగిపోయాడు. మొహం అటు తిప్పుకుని, కాసేపు పూలమొక్కల్ని చూసి, "లాభం లేదు, ఇంకో ట్రయల్ కావాలి," అంటూ లేచాడు.

అలా లేచి నడుస్తుంటే, కోటు లేని వెనకంతా గాలికి చొక్కా ఉబ్బి కనిపించింది. నేను ఆపుకోలేక పకపకా నవ్వేశాను. ఆయన ఆగి, వీపు తడుముకుని, "వెనక ముడత ఏమైనా పడిందా?" అని అడిగాడు.